చిన్న సంస్థకు మెయిల్ భద్రత, డేటా రక్షణ: డొమైన్ నుంచి బ్యాకప్ దాకా వరుసగా చేయాల్సిన పనులు

పదిమంది పనిచేసే సంస్థలో డబ్బు పోయిందంటే చాలాసార్లు దారి ఒక్కటే. అకౌంట్స్ చూసేవారి మెయిల్ పాస్‌వర్డ్ ఏదో నకిలీ లాగిన్ పేజీలో దొంగ చేతికి చిక్కుతుంది. అతను వెంటనే ఏమీ చేయడు. రోజుల తరబడి పాత మెయిళ్లు చదువుతాడు. ఎవరికి ఏ తేదీన బిల్లు వెళ్తుంది, ఎవరు ఎవరిని ఎలా పలకరిస్తారు, చెల్లింపు ఎవరి చేతుల మీదుగా జరుగుతుంది, అన్నీ గమనిస్తాడు. పెద్ద బిల్లు చెల్లించే వారం రాగానే అదే మెయిల్ వరుసలో ఒక జవాబు వస్తుంది: ‘మా పాత ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈసారికి ఈ కొత్త ఖాతాకు పంపండి.’ అడ్రస్ అదే, సంతకం అదే, మాటతీరు అదే. డబ్బు వెళ్లిపోతుంది.

అందుకే ఈ మార్గదర్శి మెయిల్ దగ్గరే మొదలవుతుంది. బ్యాంకు, జీఎస్టీ పోర్టల్, క్లౌడ్ స్టోరేజీ, జీతాల సాఫ్ట్‌వేర్, వీటిలో దేని పాస్‌వర్డ్ మర్చిపోయినా రీసెట్ లింకు ఎక్కువగా మెయిల్‌కే వస్తుంది. మెయిల్ చేజారితే మిగతావి ఎక్కువసేపు నిలవవు. ఐదు నుంచి పాతికమంది ఉండి, కొందరు ఇళ్ల నుంచి పనిచేసే సంస్థను దృష్టిలో పెట్టుకుని రాశాం. గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365, జోహో మెయిల్, ఏది వాడినా పద్ధతి ఒకటే, మెనూల పేర్లే మారతాయి. పనులను ఇక్కడ రాసిన వరుసలోనే చేయండి. పునాది పనులు వదిలేసి ముందుగా యాంటీవైరస్ కొనడం వల్ల ఒరిగేది తక్కువ.

1. డొమైన్ ఎవరి పేరున ఉందో తేల్చుకోండి

మన దగ్గర చిన్న సంస్థల డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) చాలావరకు వెబ్‌సైట్ చేసిపెట్టిన డిజైనర్ ఖాతాలో ఉంటుంది. ఆయన మంచివారే కావచ్చు. కానీ ఆయన ఫోన్ నంబరు మారినా, మీతో మాట పట్టింపు వచ్చినా, రెన్యువల్ మెయిల్ ఆయన చూసుకోకపోయినా మీ మెయిళ్లన్నీ ఒకే రోజు ఆగిపోతాయి. డొమైన్ ఎవరి చేతిలో ఉంటే సంస్థ మెయిళ్లను తనవైపు మళ్లించుకోగలిగేది వాళ్లే.

చేయాల్సింది:

1. డొమైన్ ఏ రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గర ఉందో హూఈజ్ (డొమైన్ నమోదు వివరాలు చూపే సేవ) శోధనలో చూడండి. లాగిన్ మీ దగ్గర లేకపోతే డిజైనర్‌ను అడిగి యజమాని పేరున తెరిచిన ఖాతాకు మార్పించుకోండి.
2. ఆ ఖాతాకు సంస్థ డొమైన్ మీదున్న మెయిల్ ఇవ్వకండి. డొమైన్ ఆగిపోతే ఆ మెయిల్ కూడా ఆగుతుంది, మీరు లోపలికి వెళ్లలేరు. యజమాని విడిగా పెట్టుకున్న, గట్టి భద్రత ఉన్న మెయిల్ ఇవ్వండి.
3. రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు అడిగేది), ట్రాన్స్‌ఫర్ లాక్ (డొమైన్‌ను వేరేచోటికి తరలించకుండా ఆపేది), ఆటో రెన్యువల్ మూడూ ఆన్ చేయండి. ఆటో రెన్యువల్‌కు ఇచ్చిన కార్డు గడువు తేదీ చూడండి, ఆ కార్డు గడువు తీరడంతోనే పోయే డొమైన్లు చాలా ఉంటాయి.
4. నేమ్‌సర్వర్లు (డొమైన్ రికార్డులు ఉంచే సర్వర్లు) ఎటు చూపిస్తున్నాయో రాసిపెట్టుకోండి. డొమైన్ కొన్నది ఒకచోట, డీఎన్ఎస్ (మెయిల్, వెబ్‌సైట్ ఏ సర్వర్‌లో ఉన్నాయో చెప్పే రికార్డుల పట్టిక) నడిచేది క్లౌడ్‌ఫ్లేర్‌లోనో హోస్టింగ్ కంపెనీలోనో ఉండొచ్చు. ఐదో అడుగులో ఇది తెలియకపోతే గంటలు వృథా అవుతాయి.

2. అడ్మిన్ ఖాతాలు, రెండంచెల లాగిన్

అడ్మిన్ ఖాతా ఒకటే ఉంటే ఆ ఒక్కరి ఫోన్ పోయిన రోజు సంస్థ మొత్తం బయట నిలబడుతుంది. నలుగురికి అడ్మిన్ హక్కులుంటే దొంగకు నాలుగు ద్వారాలు. రెండు చాలు. ఇద్దరికీ రోజువారీ మెయిల్ వేరు, అడ్మిన్ లాగిన్ వేరుగా ఉండాలి. అడ్మిన్ ఖాతాతో రోజూ మెయిళ్లు చదవడం, లింకులు నొక్కడం మానేయాలి.

రెండో అంచెలో ఏది మేలంటే, అన్నిటికన్నా గట్టిది పాస్‌కీ (ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండి వేలిముద్రతోనో పిన్‌తోనో తెరుచుకునే లాగిన్ కీ) లేదా యూఎస్‌బీ సెక్యూరిటీ కీ, ఆ తర్వాత ఆథెంటికేటర్ యాప్, చివర ఎస్ఎంఎస్ ఓటీపీ. ఇప్పటి నకిలీ లాగిన్ పేజీలు పాస్‌వర్డ్ ఒక్కటే దొంగిలించి ఊరుకోవు. మీరు టైప్ చేసిన పాస్‌వర్డ్‌నూ ఓటీపీనీ అదే క్షణంలో అసలు సైట్‌కు పంపి, లాగిన్ అయ్యాక వచ్చే సెషన్ కుకీని (మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా బ్రౌజర్ దాచుకునే గుర్తింపును) పట్టుకుంటాయి. యాప్‌లో వచ్చే ఆరంకెల కోడ్ కూడా ఇలా పోతుంది. పాస్‌కీ మాత్రం అసలు డొమైన్‌కే కట్టుబడి ఉంటుంది కాబట్టి నకిలీ పేజీలో అది పలకదు. మనిషి మోసపోయినా కీ మోసపోదు. అడ్మిన్లకు, అకౌంట్స్ వాళ్లకు, యజమానికి పాస్‌కీ తప్పనిసరి చేయండి. మిగతావాళ్లకు ఆథెంటికేటర్ యాప్‌తో మొదలుపెట్టవచ్చు.

అమలు చేసేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. గూగుల్ అడ్మిన్ కన్సోల్‌లో సెక్యూరిటీ, ఆథెంటికేషన్ కింద ‘2-స్టెప్ వెరిఫికేషన్’లో ఎన్‌ఫోర్స్‌మెంట్‌ను ఒక్కసారిగా ఆన్ చేస్తారు. అప్పటికి నమోదు చేసుకోనివాళ్లంతా మర్నాడు పొద్దున బయటే ఉండిపోతారు. ముందు అందరికీ వారం గడువిచ్చి, యూజర్ల జాబితాలో ఎవరు నమోదయ్యారో చూసుకుని, ఆ తర్వాతే తప్పనిసరి చేయండి. కొత్తగా చేరేవాళ్ల కోసం నమోదు గడువు పెట్టే వీలు అక్కడే ఉంది. మైక్రోసాఫ్ట్ 365లో అయితే ఎంట్రా అడ్మిన్ సెంటర్‌లోని ‘సెక్యూరిటీ డిఫాల్ట్స్’ (రెండంచెల లాగిన్‌ను తప్పనిసరి చేసే అమరిక) ఆన్‌లో ఉందో లేదో చూడటం మొదటి పని.

గూగుల్ ఒక్కసారికి 10 బ్యాకప్ కోడ్లు ఇస్తుంది, ఒక్కోదానికి 8 అంకెలు. వాటిని ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. అదే మెయిల్ డ్రాఫ్ట్‌లో దాచుకుంటే అవసరమైన రోజున వాటిని తెరవలేరు. రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ ఎవరివో ఇప్పుడే చూడండి. ఎప్పుడో మానేసిన ఉద్యోగి నంబరు అక్కడ ఉండిపోవడం మామూలే.

3. పాస్‌వర్డులు

ప్రతి 90 రోజులకూ మార్చండి అనే పాత నియమం వదిలేయండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా ఊరికే గడువు పెట్టి మార్పించవద్దనే చెబుతోంది. అలా చేస్తే జనం చివరి అంకె మాత్రం పెంచుకుంటూ పోతారు. పాస్‌వర్డ్ పొడవుగా ఉండాలి, ఒకచోట వాడింది మరోచోట వాడకూడదు, బయటపడిందని తెలిసిన రోజున మార్చాలి. ఇంతే.

దీనికి పాస్‌వర్డ్ మేనేజర్ కావాలి. బిట్‌వార్డెన్, 1పాస్‌వర్డ్ లాంటివి బృందానికి పనికొస్తాయి. బ్రౌజర్‌లోనే సేవ్ చేసుకుంటే, అది సంస్థ ఖాతాతో లాగిన్ అయిన ప్రొఫైల్ అయి ఉండాలి, ఇంట్లో పిల్లలు వాడే ప్రొఫైల్ కాదు. జీఎస్టీ, ఈపీఎఫ్ఓ లాంటి పోర్టళ్ల లాగిన్లు వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది. ఆ మెసేజ్ గ్రూపులోని ప్రతి ఫోన్‌లోనూ, ఆ ఫోన్ల బ్యాకప్‌లలోనూ ఉండిపోతుంది. ఆ లాగిన్లన్నీ మేనేజర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌కు మార్చి, పాస్‌వర్డులు కొత్తవి పెట్టండి.

4. మెయిల్‌బాక్స్ లోపల ఎవరైనా దాక్కున్నారేమో చూడండి

ఖాతాలో ఒకసారి చొరబడిన దొంగ, పాస్‌వర్డ్ మారినా తన పని సాగేలా లోపల ఏర్పాట్లు చేసుకుంటాడు. ప్రతి ఉద్యోగి మెయిల్‌బాక్స్‌లో ఇవి చూడాలి. మనిషికి పది నిమిషాలు పడుతుంది.

జీమెయిల్‌లో ‘సీ ఆల్ సెట్టింగ్స్’ తెరిచి ‘ఫార్వర్డింగ్ అండ్ పాప్/ఐమ్యాప్’ ట్యాబ్‌లో తెలియని అడ్రస్ ఉందేమో చూడండి. తర్వాత ‘ఫిల్టర్స్’ ట్యాబ్. ఇన్‌వాయిస్, పేమెంట్, బ్యాంక్ అనే మాటలున్న మెయిళ్లను నేరుగా ట్రాష్‌కో ఆర్కైవ్‌కో పంపే ఫిల్టర్ కనిపిస్తే, లోపలికి ఎవరో వచ్చినట్టే లెక్క. ‘అకౌంట్స్’ ట్యాబ్‌లో మీ మెయిల్ చదవడానికి ఇంకెవరికైనా అనుమతి ఉందేమో చూడండి. కంప్యూటర్‌లో ఇన్‌బాక్స్ కింద కుడివైపు చివర ‘డీటెయిల్స్’ నొక్కితే ఇటీవల ఏ పరికరం నుంచి, ఏ ప్రాంతం నుంచి తెరిచారో కనిపిస్తుంది.

అవుట్‌లుక్‌లో ‘రూల్స్’, ‘ఫార్వర్డింగ్’ రెండూ చూడండి. ఎవరూ తెరవని ఆర్ఎస్ఎస్ ఫీడ్స్ ఫోల్డర్‌కు జవాబులను మళ్లించడం దొంగలకు బాగా అలవాటైన ఎత్తు, కాబట్టి ఆ ఫోల్డర్ కూడా తెరిచి చూడండి. ఇక ఎక్కడైనా మిగిలే పని: గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాకు అనుమతి పొందిన బయటి యాప్‌ల జాబితా. ఎప్పుడో పీడీఎఫ్ మార్చుకోవడానికి వాడిన యాప్‌కు మీ మెయిళ్లన్నీ చదివే హక్కు ఇంకా ఉండవచ్చు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ అనుమతులన్నీ పోతాయని అనుకోవద్దు, జాబితా చూసి తీసేయండి.

ఇంతా చూశాక, బయటి అడ్రసులకు ఆటోమేటిక్ ఫార్వర్డింగ్‌ను అడ్మిన్ స్థాయిలోనే ఆపేయండి. నిజంగా అవసరమైనవాళ్లు ఎవరైనా ఉంటే అడుగుతారు.

5. మీ పేరుతో ఇతరులు మెయిళ్లు పంపకుండా: ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్

మెయిల్‌లో ‘ఫ్రమ్’ దగ్గర ఎవరైనా ఎవరి అడ్రసైనా రాయగలరు. ఆ మెయిల్ నిజమో కాదో అందుకున్నవైపు సర్వర్ తేల్చుకునేందుకు మీ డొమైన్ డీఎన్ఎస్‌లో మూడు రికార్డులు ఉండాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటిపై పట్టు బిగించాయి. జీమెయిల్ అడ్రసులకు పంపే ఎవరికైనా కనీసం ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఉండాలి. రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు మూడూ కావాలి. మీ కొటేషన్లు కస్టమర్ స్పామ్‌లో పడుతున్నాయంటే ముందు చూడాల్సింది ఇక్కడే.

ఎస్‌పీఎఫ్: ఈ డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏయే సర్వర్లకు ఉందో చెప్పే జాబితా. ఇది డీఎన్ఎస్‌లో పెట్టే టీఎక్స్‌టీ (అంటే టెక్స్ట్) రికార్డు. మీ మెయిల్ సేవ సహాయ పేజీలో ఇచ్చిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేయండి, చేత్తో టైప్ చేయకండి. గుర్తుంచుకోవాల్సినవి మూడు. డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒకటే ఉండాలి. రెండుంటే అందుకున్న సర్వర్ దాన్ని తప్పు కింద జమకట్టి పరీక్షే నిలిపేస్తుంది. కాబట్టి కొత్త సేవ చేరితే కొత్త రికార్డు పెట్టకుండా పాతదానిలోనే దాని ‘ఇన్‌క్లూడ్’ కలపాలి. రెండోది, ఆ రికార్డు చదవడానికి జరిగే డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు. ఒక్కో ఇన్‌క్లూడ్ లోపల ఇంకొన్ని ఉంటాయి కాబట్టి నాలుగైదు సేవలతోనే పరిమితి దాటిపోవచ్చు. వాడని సేవలు తీసేయండి. మూడోది చివరి ‘ఆల్’ ముందున్న గుర్తు: ~ ఉంటే అనుమానించు అని, - ఉంటే తిరస్కరించు అని అర్థం. మొదట ~ తోనే ఉంచండి. + గుర్తు గనక ఉంటే లోకమంతటికీ అనుమతిచ్చినట్టే, వెంటనే మార్చండి.

డీకిమ్: పంపే సర్వర్ ప్రతి మెయిల్ మీద డిజిటల్ సంతకం పెడుతుంది, దాన్ని సరిచూసే కీ డీఎన్ఎస్‌లో ఉంటుంది. 2048 బిట్ల కీ ఎంచుకోండి. గూగుల్ వర్క్‌స్పేస్‌లో జీమెయిల్ కొత్తగా ఆన్ చేసినవాళ్లు ఈ కీ తయారుచేయడానికి 24 నుంచి 72 గంటలు ఆగాల్సి రావచ్చు. కీని డీఎన్ఎస్‌లో పెట్టాక అడ్మిన్ కన్సోల్‌కు తిరిగొచ్చి ‘స్టార్ట్ ఆథెంటికేషన్’ నొక్కాలి. సగంమంది ఇక్కడే ఆగిపోతారు: రికార్డు ఉంటుంది, సంతకం మాత్రం మొదలుకాదు. మైక్రోసాఫ్ట్ 365లో టీఎక్స్‌టీ బదులు రెండు సీనేమ్ (మరో పేరు వైపు చూపించే) రికార్డులు పెట్టాలి.

డీమార్క్: పై రెండూ విఫలమైన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే ఆదేశం. పరీక్ష నెగ్గిన డొమైన్, ‘ఫ్రమ్’లో కనిపించే డొమైన్ సరిపోవాలి అనే షరతు పెట్టేది కూడా ఇదే. ఎస్‌పీఎఫ్ పరిశీలించేది తెర వెనకుండే రిటర్న్ అడ్రస్‌ను, మనకు కనిపించే ఫ్రమ్‌ను కాదు. అందుకే ఎస్‌పీఎఫ్ ఒక్కటే పెట్టి భద్రత వచ్చిందనుకోవడం పొరపాటు. పైగా మీ మెయిల్‌ను ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే ఎస్‌పీఎఫ్ విరిగిపోతుంది, డీకిమ్ సంతకం సాధారణంగా నిలుస్తుంది. మూడింటిలో డీకిమ్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమనేది ఇందుకే.

డీమార్క్‌ను మూడు మెట్లలో ఎక్కించండి. మొదట విధానం ‘నన్’ అని పెట్టి, రోజువారీ నివేదికలు వచ్చేలా ఒక అడ్రస్ ఇవ్వండి. ఆ నివేదికలు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు, కంటితో చదవడం కష్టం. వాటిని పట్టికలుగా చూపించే ఉచిత సేవలు ఉన్నాయి. మూడు నాలుగు వారాలు చూస్తే మీరు మర్చిపోయినవన్నీ బయటికొస్తాయి: వెబ్‌సైట్‌లోని కాంటాక్ట్ ఫారం, జీతాల సాఫ్ట్‌వేర్, పండగ శుభాకాంక్షలు పంపే బల్క్ మెయిల్ సేవ. వాటన్నిటికీ డీకిమ్ పెట్టించాక విధానాన్ని ‘క్వారంటైన్’ (అనుమానిత మెయిల్‌ను స్పామ్‌లో వేయి) చేయండి. మరో నెల ఇబ్బంది లేకపోతే ‘రిజెక్ట్’ (అసలు తీసుకోవద్దు). చాలా సంస్థలు ‘నన్’ దగ్గరే ఏళ్లతరబడి ఉండిపోతాయి. అది నివేదికలు తెప్పిస్తుందే తప్ప ఏ నకిలీ మెయిల్‌నూ ఆపదు.

తప్పులు జరిగేది ఈ రెండుచోట్ల. రికార్డులు పెట్టాల్సింది నేమ్‌సర్వర్ నడిచేచోట. డొమైన్ కొన్నచోట పెట్టి ‘రెండు రోజులైనా రాలేదు’ అని ఎదురుచూసేవాళ్లు ఎక్కువ. ఇక హోస్ట్ అనే గడిలో చాలా ప్యానెళ్లు మీ డొమైన్ పేరును అవే చేర్చుకుంటాయి. మీరు కూడా పూర్తి పేరు రాస్తే డొమైన్ రెండుసార్లు వచ్చి రికార్డు ఎవరికీ దొరకదు.

సరిచూసుకునే పద్ధతి సులువు. సంస్థ మెయిల్ నుంచి ఒక సొంత జీమెయిల్‌కు పంపి, తెరిచి, మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కండి. పైన మూడు పేర్లకూ ఎదురుగా ‘పాస్’ అని ఉండాలి. వాడకంలో లేని పాత డొమైన్ మీ పేరున ఉంటే దానికి ఏ సర్వర్ పేరూ లేకుండా -ఆల్ మాత్రం ఉన్న ఎస్‌పీఎఫ్, ‘రిజెక్ట్’ డీమార్క్ పెట్టండి. దాంతో ఆ పేరు వాడుకోవాలని చూసేవాడి మెయిళ్లు చాలావరకు అవతలే ఆగిపోతాయి.

ఇన్ని చేశాక కూడా ఈ మూడూ ఆపలేనివి రెండున్నాయి. మీ డొమైన్‌ను పోలిన వేరే డొమైన్ కొని పంపే మెయిల్, నిజంగానే చొరబడిన ఖాతా నుంచి వచ్చే మెయిల్. రెండింటికీ పరీక్షలన్నీ ‘పాస్’ అవుతాయి. అక్కడ యంత్రం చేతులెత్తేస్తుంది కాబట్టి తర్వాతి అడుగు మనుషుల మధ్య పెట్టుకునే నియమం.

6. డబ్బు కదిలే ముందు ఒక ఫోన్

ఈ నియమాన్ని కాగితం మీద రాసి అకౌంట్స్ టేబుల్ ముందు అంటించండి: బ్యాంకు ఖాతా మార్పు ఏ రూపంలో చెప్పినా, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి మాట్లాడేదాకా డబ్బు పంపకూడదు. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేయకూడదు, అది కూడా దొంగదే కావచ్చు. మెయిల్‌కే రిప్లై ఇచ్చి అడగకూడదు, జవాబిచ్చేది అతనే. అవతల గొంతు గుర్తుపట్టలేకపోతే పాత బిల్లు వివరం ఒకటి అడగండి. కొత్త ఖాతాకు మొదటిసారి ఒక రూపాయి పంపి, అందిందో లేదో ఆ పాత నంబరుకే ఫోన్ చేసి కనుక్కోండి.

నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు జమయ్యేది ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ ఆధారంగానే. మీరు రాసిన పేరు సరిపోలిందా అని బ్యాంకు ఆపదు. అయితే రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2025 ఏప్రిల్ నుంచి ఆ రెండింటికీ లబ్ధిదారు పేరు ముందే చూసుకునే సౌకర్యం వచ్చింది. బెనిఫిషియరీని చేర్చేటప్పుడు వచ్చే ఆ పేరును తప్పకుండా చదవండి. సంస్థ పేరు రావాల్సినచోట ఎవరో వ్యక్తి పేరు వస్తే అక్కడే ఆగిపోండి.

మిర్చి, పసుపు, గ్రానైట్ ఎగుమతి చేసేవాళ్లకు, అమెరికా క్లయింట్లతో పనిచేసే చిన్న ఐటీ సంస్థలకు ఇది మరీ ముఖ్యం. పది పన్నెండు గంటల తేడా వల్ల ‘ఇప్పుడు వాళ్లకు అర్ధరాత్రి, ఫోన్ ఎలా చేస్తాం’ అని వదిలేస్తారు. దొంగ లెక్కపెట్టుకునేది ఆ మొహమాటాన్నే. ఒప్పందం రాసుకునేటప్పుడే ‘మా బ్యాంకు వివరాలు మెయిల్ ద్వారా ఎప్పుడూ మారవు’ అనే వాక్యం చేర్చి, ప్రతి ఇన్‌వాయిస్ కిందా అచ్చు వేయించండి.

యజమాని పేరుతో వచ్చే ‘మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయకు, వెంటనే పంపు’ మెసేజ్ ఇంకో రకం. కొత్తగా చేరిన అమ్మాయో అబ్బాయో సార్‌కు ఫోన్ చేయడానికి భయపడితే ఈ మోసం గెలిచినట్టే. యజమానులే ముందుగా చెప్పాలి: ‘నా పేరుతో డబ్బు అడిగితే నాకు ఫోన్ చేయండి, ఏ టైమైనా ఏమీ అనుకోను.’ ‘సార్, మీ పేరుతో మెయిల్ వచ్చింది, ఒకసారి అడుగుదామని చేశాను’ అన్న ఉద్యోగిని విసుక్కుంటే రెండోసారి ఆ ఫోన్ రాదు.

7. వచ్చిన మెయిల్‌ను చూసే పద్ధతి

పేరు కాదు, అడ్రస్ చూడాలి. ఫోన్‌లో పేరు మాత్రమే కనిపిస్తుంది, దాని మీద నొక్కితేనే అడ్రస్ తెలుస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగా కనిపిస్తాయి. ఎల్ బదులు ఒకటి అంకె పెడతారు. డాట్ ఇన్ ఉండాల్సినచోట డాట్ కో ఉంటుంది.

బ్యాంకుల విషయంలో ఇప్పుడొక మంచి ఆనవాలు ఉంది. రిజర్వు బ్యాంకు చెప్పిన ప్రకారం 2025 అక్టోబరు 31 నాటికి బ్యాంకుల వెబ్‌సైట్లు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చివరతో ఉండే చిరునామాలకు మారాలి. మీ బ్యాంకు కొత్త చిరునామాను బుక్‌మార్క్ చేసుకుని ఎప్పుడూ అక్కడినుంచే వెళ్లండి. జీఎస్టీ నోటీసు, ఆదాయపు పన్ను రీఫండ్ అని మెయిల్ వస్తే లింకు నొక్కకుండా పోర్టల్‌ను మీరే తెరిచి లాగిన్ అవ్వండి. నిజమైన నోటీసైతే అక్కడ కనిపిస్తుంది.

అటాచ్‌మెంట్లలో పాస్‌వర్డ్ పెట్టిన జిప్ అంటే జాగ్రత్తపడాలి. లోపల ఏముందో మెయిల్ సర్వర్ స్కాన్ చేయలేకుండా ఉండేందుకే ఆ పాస్‌వర్డ్ పెడతారు. హెచ్‌టీఎంఎల్ అటాచ్‌మెంట్ తెరిస్తే లాగిన్ పేజీ వచ్చిందంటే అది దాదాపుగా మోసమే. విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివరి భాగాన్ని దాచేస్తుంది, పీడీఎఫ్ అనుకుని ఈఎక్స్‌ఈని నొక్కేది అందుకే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’, ‘షో’ కింద ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ అన్ని కంప్యూటర్లలోనూ టిక్ పెట్టండి. ఫోన్‌కు వచ్చే పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలాన్ ఏపీకే ఫైల్ అయితే తెరవకూడదు, ఎందుకంటే అది యాప్. ఇన్‌స్టాల్ అయితే ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు పట్టుకుపోతుంది.

మన వైపు పొరపాట్లు కూడా డేటా లీకులే. జీమెయిల్‌లో ‘అన్‌డూ సెండ్’ సమయం 30 సెకన్లకు పెంచండి. కస్టమర్లందరికీ ఒకే మెయిల్ పంపేటప్పుడు ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనిపించని బీసీసీ గడిలో అడ్రసులు పెట్టండి.

8. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కంప్యూటర్లు

ల్యాప్‌టాప్ బస్సులో పోతే పోయేది యంత్రం ఒక్కటే కావాలి, అందులోని డేటా కాదు. విండోస్ ప్రోలో బిట్‌లాకర్, హోమ్‌లో ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఆన్ చేయండి. బిట్‌లాకర్ రికవరీ కీ 48 అంకెలు. అది ఎవరి మైక్రోసాఫ్ట్ ఖాతాలో సేవ్ అయిందో తెలుసుకుని ఆఫీసులో ఒక ప్రతి ఉంచండి. ఒక్కోసారి అప్‌డేట్ తర్వాత యంత్రం ఆ కీ అడుగుతుంది, లేకపోతే డేటా మీకే అందదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దానిమీద అకౌంట్స్ పని చేయించకండి.

రోజువారీ లాగిన్‌కు అడ్మినిస్ట్రేటర్ హక్కులు తీసేయండి. ఇంటి రౌటర్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యూపీఎస్ (బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే పద్ధతి) ఆపి, పిల్లల ఫోన్లు, టీవీ గెస్ట్ నెట్‌వర్క్‌లోకి మార్చండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మన ఆఫీసుల్లో మామూలైపోయిన ఒక ఏర్పాటులో ఉంది. ఇంటి నుంచి ట్యాలీ వాడుకోవడానికి ఆఫీసు కంప్యూటర్ రిమోట్ డెస్క్‌టాప్‌ను, అంటే 3389 పోర్టును, రౌటర్‌లో నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెడతారు. ఇలా తెరిచిన పోర్టుల కోసం ఆటోమేటిక్ ప్రోగ్రాములు ఇంటర్నెట్ అంతా గాలిస్తూ పాస్‌వర్డులు ప్రయత్నిస్తూనే ఉంటాయి. రాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) లోపలికి వచ్చే ముఖ్య ద్వారాల్లో ఇదొకటి. పోర్టు నంబరు మార్చినా గాలింపుకు దొరుకుతుంది. ఆ పోర్ట్ ఫార్వర్డింగ్‌ను ఇవాళే తీసేసి ముందు వీపీఎన్ (ఇంటి కంప్యూటర్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌కు రహస్యంగా కలిపే దారి) పెట్టించండి. వైర్‌గార్డ్ లాంటిది పెట్టగల మనిషి ఎక్కువ ఊళ్లలో దొరుకుతారు. ఎనీడెస్క్ వాడితే ‘అన్‌అటెండెడ్ యాక్సెస్’ పాస్‌వర్డ్ పొడవుగా ఉంచి, రెండంచెల లాగిన్ ఆన్ చేయండి.

9. బ్యాకప్

మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ, ఒకటి ఆఫీసు బయట. డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో సింక్ అవుతోంది కదా అంటే అది బ్యాకప్ కాదు. ఇక్కడ తుడిస్తే అక్కడా తుడుచుకుపోతుంది, ఇక్కడ ఫైళ్లు రాన్‌సమ్‌వేర్ బారిన పడితే ఆ పాడైన ఫైళ్లే పైకి చేరతాయి. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో ఫైల్ 30 రోజులే ఉంటుంది. ఆ తర్వాత వర్క్‌స్పేస్ అడ్మిన్‌కు ఇంకో 25 రోజుల్లోగా వెనక్కి తెచ్చే వీలుంది, అంతే.

ట్యాలీ వాడేవాళ్లకు పద్ధతి ఇది. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్ వై నొక్కి ‘బ్యాకప్’ ఎంచుకుని, గమ్యంగా అదే డిస్క్ కాకుండా బయటి డ్రైవ్ చూపండి. రెండు బయటి డ్రైవ్‌లు కొనండి. ఒక వారం ఒకటి, మరో వారం ఇంకొకటి. పని అయ్యాక డ్రైవ్ తీసి ఇంటికి పట్టుకెళ్లాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే రాన్‌సమ్‌వేర్ దాన్ని కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ట్యాలీ డేటా ఫోల్డర్‌నే తీసుకెళ్లి సింక్ ఫోల్డర్‌లో పెట్టకండి. ఫైళ్లు తెరిచి ఉండగా సింక్ జరిగితే డేటా పాడవుతుంది. బ్యాకప్ ఫైలును సింక్ చేయండి. కంపెనీ డేటాకు తాళం వేసే ట్యాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెట్టుకుంటే మంచిదే, కానీ అది మర్చిపోతే డేటా ఎవరూ తెరవలేరు. పాస్‌వర్డ్ మేనేజర్‌లో రాసిపెట్టండి.

మూడు నెలలకోసారి వేరే కంప్యూటర్‌లో, వేరే ఖాళీ ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి, కంపెనీ తెరిచి, చివరి వోచర్ తేదీ చూడండి. ఉన్న డేటా మీదికే రీస్టోర్ చేస్తే కొత్త ఎంట్రీలు పోతాయి, అందుకే ఖాళీ ఫోల్డర్. మెయిళ్లకు కూడా ఏడాదికి రెండుసార్లైనా గూగుల్‌లో డేటా దించుకునే టేకౌట్‌తో ప్రతి తీసి బయటి డ్రైవ్‌లో ఉంచండి.

10. లేని డేటా పోదు

ఉద్యోగుల ఆధార్, పాన్ ఫొటోలు హెచ్ఆర్ ఫోన్ గ్యాలరీలో, మెయిల్‌లో, వాట్సాప్‌లో మూడుచోట్లా ఉంటాయి. చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోయేచోట అదే తీసుకోండి. పని అయ్యాక కాపీలు తుడిపేయండి. డ్రైవ్‌లో ‘ఎనీవన్ విత్ ద లింక్’ అని షేర్ అయిన ఫైళ్లను నెలకోసారి వెతికి మూసేయండి.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలకు అక్కడినుంచి 18 నెలల గడువు ఉంది. సరైన భద్రతా చర్యలు లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. వ్యక్తిగత డేటా లీకైతే ఆ వ్యక్తులకూ డేటా ప్రొటెక్షన్ బోర్డుకూ వెంటనే తెలపాలి, పూర్తి వివరాలు 72 గంటల్లో బోర్డుకు ఇవ్వాలి. గడువు ఉంది కదా అని ఆగకుండా, మీ దగ్గర ఎవరి డేటా ఏముంది, ఎక్కడుంది, ఎవరు చూడగలరు అనే ఒక పేజీ పట్టిక ఇప్పుడే రాసుకోండి. లీకైన రోజున మొదటి ప్రశ్న అదే.

ఉద్యోగి మానేసిన రోజున ఖాతాను డిలీట్ చేయకండి, సస్పెండ్ చేయండి. గూగుల్‌లో డిలీట్ చేసిన ఖాతాను 20 రోజుల్లోపే తిరిగి తేగలరు. ముందు సస్పెండ్ చేసి, ఫైళ్లు వేరొకరి పేరుకు మార్చి, షేర్డ్ పాస్‌వర్డులు మార్చాకే తీసేయండి. తీసేశాక ఆ అడ్రస్‌ను పనిలో ఉన్న ఇంకొకరికి అలియాస్‌గా (అదనపు అడ్రస్‌గా) ఇవ్వండి.

11. జరిగిపోతే, మొదటి గంటలో

డబ్బు వెళ్లిందని తెలిసిన క్షణం బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఒకరు బ్యాంకుతో మాట్లాడుతుంటే ఇంకొకరు 1930కి చేయండి. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం, వెళ్లిన ఖాతా నంబరు చేతిలో ఉంచుకోండి. డబ్బు ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే నిలిపే అవకాశం ఉంటుంది, దొంగలు దాన్ని నిమిషాల్లో ముక్కలుచేసి పది ఖాతాలకు పంపేస్తారు. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తి చేయండి. డబ్బు పంపింది అమెరికాలోని మీ కస్టమరైతే, ఆయన తన బ్యాంకుకు చెప్పి, ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3 పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. ఆ పని మీరు ఇక్కడినుంచి చేసినంత ఫలితం ఉండదు, ఆయనకే ఫోన్ చేసి చెప్పండి.

అదే సమయంలో మెయిల్ వైపు, అనుమానం లేని వేరే కంప్యూటర్ నుంచి ఈ వరుసలో: అన్ని సెషన్ల నుంచి లాగౌట్, పాస్‌వర్డ్ మార్పు, తెలియని పాస్‌కీలు, ఫోన్ నంబర్లు తొలగింపు, బయటి యాప్‌ల అనుమతుల రద్దు, చివర నాలుగో అడుగులోని ఫిల్టర్లు, ఫార్వర్డింగ్. తీసేసే ముందు ప్రతిదాన్నీ స్క్రీన్‌షాట్ తీయండి. మోసపు మెయిల్‌ను ‘షో ఒరిజినల్’ నుంచి డౌన్‌లోడ్ చేసి ఉంచండి. ఫార్వర్డ్ చేసిన మెయిల్‌లో అసలు హెడర్లు మిగలవు, పోలీసులకు కావాల్సింది అవే. కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయకండి, నెట్ కేబుల్ తీసి పక్కన పెట్టండి.

ఆ మెయిల్‌బాక్స్‌తో ఇటీవల లావాదేవీలు ఉన్న కస్టమర్లకూ సప్లయర్లకూ ఫోన్ చేసి ‘మా పేరుతో ఖాతా మార్పు మెయిల్ వస్తే నమ్మకండి’ అని చెప్పండి. దొంగ ఒక్కరికే పంపి ఊరుకోడు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా వాళ్లకు తెలపాలి. అది ఎవరు చేయాలో, ఆ మనిషి సెలవులో ఉంటే ఇంకెవరు చేయాలో, బ్యాంకు మేనేజర్ నంబరు, 1930, అడ్మిన్ల నంబర్లు అన్నీ ఒక కాగితం మీద రాసి, బ్యాకప్ కోడ్లున్న బీరువాలోనే పెట్టండి.